మారియో లైఫ్‌లు 255 పెడితే మొదటి చావుకే గేమ్ ఓవర్. ఎక్కడ తప్పింది?

#1 పాతక్యాసెట్

ఎన్‌ఈఎస్ (నింటెండో పాత గేమ్ యంత్రం) సూపర్ మారియో బ్రదర్స్, ఎమ్యులేటర్ (ఆ యంత్రాన్ని పీసీలో అనుకరించే ప్రోగ్రాం) ఎఫ్‌సీఈయూఎక్స్. ర్యామ్ సెర్చ్‌లో (ఆట మెమరీలో ఏ విలువ ఎక్కడుందో వెతికే పనిముట్టు) తెర మీద 3 ఉన్నప్పుడు 3 అని వెతికా, ఒక లైఫ్ పోయాక 2 అని వెతికా. జాబితా ఖాళీ. మళ్లీ మొదటి నుంచి చేసినా అంతే.

చివరికి లైఫ్‌ల అడ్రస్ 075ఏ అని ఒకచోట కనపడితే హెక్స్ ఎడిటర్‌లో అక్కడికెళ్లి ఎఫ్‌ఎఫ్ (255) కొట్టా. మొదటి గుంటలో పడగానే గేమ్ ఓవర్. 255 ఉంటే 255 సార్లు చావాలి కదా? అడ్రస్ తప్పా, నేను రాసిన పద్ధతి తప్పా?

(హెక్స్ అంటే 16 అంకెల లెక్క. దాని అక్షరాలు తెలుగులోనే రాస్తున్నా. ఏ అంటే 10, ఎఫ్ అంటే 15.)

#2 బైట్‌బాబాయ్

అడ్రస్ సరైనదే. రెండు వేర్వేరు చోట్ల పప్పులో కాలేశావు.

మొదటిది. ఆ ఆట లైఫ్‌లని ఒకటి తక్కువగా దాచుకుంటుంది. తెర మీద 3 కనపడితే మెమరీలో 2 ఉంటుంది, తెర గీసేటప్పుడు ఒకటి కలిపి చూపిస్తుంది. నువ్వు 3 అని వెతికిన క్షణంలోనే అసలు అడ్రస్ జాబితాలోంచి కొట్టుకుపోయింది.

రెండోది. మారియో చచ్చినప్పుడు ఆట చేసే పని రెండే రెండు ఆదేశాలు. 075ఏ లో ఉన్నదాన్ని ఒకటి తగ్గించు (డీఈసీ). ఫలితం మైనస్ కాకపోతే ఆట కొనసాగించు (బీపీఎల్). ఎన్‌ఈఎస్‌లో ఉండే 6502 ప్రాసెసర్‌కి ఒక బైట్‌లో పై బిట్ 1 అయితే అది మైనస్ సంఖ్యే. 128 నుంచి 255 దాకా అన్నీ దాని లెక్కలో మైనస్‌లే. 255 లోంచి ఒకటి తీస్తే 254, అంటే దాని కంటికి మైనస్ 2. లైఫ్‌లు అయిపోయాయని అనుకుని గేమ్ ఓవర్ తెరకి తీసుకెళ్లింది.

127 పెట్టు, హాయిగా ఆడుకో. 128 కూడా పనిచేస్తుంది, ఎందుకంటే తగ్గించాక 127 అవుతుంది. 129 నుంచి పోయినట్టే.

#3 కాంట్రా30

బాబాయ్ చెప్పింది చీట్‌లు వాడనివాళ్లకీ వర్తిస్తుంది. 3-1 చివర మెట్ల మీద తాబేలు చిప్పని తొక్కుతూ 1-అప్‌లు (అదనపు లైఫ్‌లు) పోగేసే కిటుకు ఉంది కదా. ఆపకుండా పోగేస్తూ పోతే ఇదే గోడ తగులుతుంది. ఎడిటర్ లేకుండానే గేమ్ ఓవర్.

#4 పాతక్యాసెట్

అర్థమైంది బాబాయ్. 127 పెట్టా, చచ్చినా ఆట సాగుతోంది. కానీ లైఫ్‌లు చూపించే చోట అంకె బదులు ఏదో పిచ్చి బొమ్మ వస్తోంది. పాడైందా?

#5 బైట్‌బాబాయ్

పాడవలేదు. పది, ఆ పైన ఉంటే ఆట పదుల స్థానంలో కిరీటం బొమ్మ పెట్టి, పది తీసేసి, మిగిలిన సంఖ్యని నేరుగా టైల్ (తెర మీద గీసే చిన్న బొమ్మ ముక్క) నంబర్‌గా వాడేస్తుంది. 0 నుంచి 9 టైల్స్ అంకెలు, ఆ తర్వాత అక్షరాలు, ఆ తర్వాత గోడలు, మబ్బులు, ఏదైనా. 127 పెడితే 128 నుంచి 10 పోగా 118వ టైల్ ఏదో అది వస్తుంది. లెక్క మాత్రం భద్రంగానే ఉంది.

ప్రఖ్యాతమైన 'మైనస్ వరల్డ్' కూడా ఇదే తంతు. అది నిజానికి 36-1. 36వ టైల్ ఖాళీ బొమ్మ కాబట్టి తెర మీద ముందు ఏమీ లేక '-1' ఒక్కటే మిగిలింది.

#6 హెక్స్‌రాణి

అడ్రస్ ఎక్కడో చూసి కొట్టడం కన్నా వెతకడం నేర్చుకుంటే ఏ ఆటకైనా పనికొస్తుంది. తెర మీద అంకెని నమ్మకుండా వెతికే పద్ధతి ఇది:

ఆట మొదలయ్యాక పాజ్ చేసి టూల్స్ మెనూలో ర్యామ్ సెర్చ్ తెరువు. సైజు 1 బైట్, అన్‌సైన్డ్. రీసెట్ నొక్కు. ఎన్‌ఈఎస్ సొంత ర్యామ్ 2 కేబీ, కాబట్టి 2048 అడ్రస్‌ల దగ్గర మొదలవుతావు. పోల్చేది 'ప్రీవియస్ వాల్యూ'తో పెట్టు, 'స్పెసిఫిక్ వాల్యూ'తో కాదు.

ఇప్పుడు ఒక సేవ్ స్టేట్ (ఆట ఆ క్షణంలో ఉన్న స్థితి కాపీ) తీసి పెట్టుకో. చావకుండా కాస్త అటూ ఇటూ పరిగెత్తి 'ఈక్వల్' సెర్చ్ నొక్కు. దూకి మళ్లీ నొక్కు. ఒక నాణెం తీసి మళ్లీ నొక్కు. లైఫ్ మారలేదు కాబట్టి అది ఉండిపోతుంది. మారియో స్థానం, వేగం, గడియారం, శత్రువుల లెక్కలు అన్నీ రాలిపోతాయి. చాలామంది ఈ మెట్టు వదిలేసి నేరుగా చావడానికి వెళ్తారు, అప్పుడు మూడొందల అడ్రస్‌లు మిగిలి విసుగొస్తుంది.

ఇప్పుడు చావు. కొత్త లైఫ్ మొదలై మారియో నిలబడ్డాక 'లెస్ దాన్', లేదా ఇంకా బిగువుగా 'డిఫరెంట్ బై 1'. ఆ తర్వాత ముందు తీసిన సేవ్ స్టేట్ లోడ్ చేసి 'గ్రేటర్ దాన్'. స్టేట్ లోడ్ చేసినా సెర్చ్ జాబితా చెరిగిపోదు, అదే ఇందులో గొప్ప సౌకర్యం. ఒకే చావుని ముందుకీ వెనక్కీ తిప్పుతూ నాలుగైదు సార్లు వాడుకోవచ్చు.

రెండో మూడో మిగిలాక ఒక్కోదాన్నీ ర్యామ్ వాచ్‌లో (అడ్రస్‌ల విలువలు చూపించే కిటికీ) పెట్టి, ఒక్కోటే మార్చి చూడు. అన్నీ ఒకేసారి మార్చకు.

#7 గోదారిగేమర్

ఇంత తతంగం ఎందుకు? చీట్ ఇంజిన్‌లో ఎమ్యులేటర్ ప్రాసెస్ తగిలించి వెతికితే సరి. ఏ ఎమ్యులేటర్ అయినా ఒకటే పద్ధతి.

#8 హెక్స్‌రాణి

ఒప్పుకోను అన్నా. చీట్ ఇంజిన్ వెతికేది ఎమ్యులేటర్ ప్రోగ్రాం మొత్తం మెమరీని. అందులో తెర బొమ్మ, సౌండ్ బఫర్, రీవైండ్ కోసం దాచిన పాత కాపీలు, విండోస్ సామాను అన్నీ ఉంటాయి. 2048 బైట్ల కోసం కొన్ని వందల మెగాబైట్లు జల్లెడ పట్టడం కొండని తవ్వి ఎలుకని పట్టడమే. దొరికిన అడ్రస్ కూడా ఎమ్యులేటర్ మూసి తెరిస్తే మారిపోతుంది. ఇంకొకరికి చెప్పడానికి పనికిరాదు. 075ఏ అంటే ఎవరి దగ్గరైనా 075ఏ నే.

ఎమ్యులేటర్‌లో సొంత సెర్చ్ లేనప్పుడే చీట్ ఇంజిన్.

#9 నిజాంపేట_నింటెండో

#7 కి ఇంకో హెచ్చరిక. నింటెండో 64 బిగ్ ఎండియన్ యంత్రం, అంటే పెద్ద బైట్ ముందు. మన పీసీ లిటిల్ ఎండియన్. అందుకని చాలా ఎన్64 ఎమ్యులేటర్లు వేగం కోసం ప్రతి నాలుగు బైట్లనీ తిరగేసి దాచుకుంటాయి. చీట్ ఇంజిన్‌లో 4 బైట్ల విలువ మామూలుగానే దొరుకుతుంది. 1 బైట్ విలువ అయితే అడ్రస్ చివర 0 ఉండాల్సింది 3 గా, 1 ఉండాల్సింది 2 గా కనపడుతుంది. గేమ్‌షార్క్ (చీట్ పరికరం) కోడ్‌లో అడ్రస్ చూసి లెక్కేసుకుంటే తప్పు బైట్ మార్చేస్తావు.

#10 విశాఖ_వీడియోగేమ్

నేను ఇంకో ఎమ్యులేటర్‌లో 'సిస్టమ్ బస్' (ప్రాసెసర్‌కి కనపడే అడ్రస్‌లన్నీ) మీద వెతికితే మారియో లైఫ్‌కి నాలుగు అడ్రస్‌లు వచ్చాయి. 075ఏ, 0ఎఫ్5ఏ, 175ఏ, 1ఎఫ్5ఏ. ఒకటి మారిస్తే నాలుగూ మారుతున్నాయి. ఏది అసలు?

#11 బైట్‌బాబాయ్

నాలుగూ ఒకటే బైట్. 2 కేబీ ర్యామ్‌ని 0000 నుంచి 1ఎఫ్ఎఫ్ఎఫ్ దాకా నాలుగుసార్లు కనపడేలా తీగలు కలిపారు. అడ్రస్‌లో రెండు తీగలని ఆ చిప్ పట్టించుకోదు, అంతే. 0800 చొప్పున తేడాతో వచ్చేవన్నీ అద్దంలో ప్రతిబింబాలు. మెమరీ డొమైన్ 'ర్యామ్' అని మార్చుకుని వెతుకు, ఒక్కటే వస్తుంది.

బ్యాటరీ ఉన్న క్యాసెట్ ఆటల్లో మాత్రం 6000 నుంచి 7ఎఫ్ఎఫ్ఎఫ్ దాకా ఇంకో 8 కేబీ ఉండొచ్చు. ఆర్‌పీజీ ఆటల్లో వెతికేటప్పుడు అది మర్చిపోకూడదు.

#12 కాంట్రా30

పేరు పెట్టుకున్నందుకైనా కాంట్రా గురించి చెప్పాలి. మొదటి ఆటగాడి లైఫ్‌లు 0032, రెండోవాడివి 0033. ఇక్కడా ఒకటి తక్కువే. 30 లైఫ్‌ల కోడ్ కొట్టి మొదలుపెడితే 0032 లో 29 కూర్చుని ఉంటుంది (హెక్స్‌లో 1డీ).

తుపాకీ 00ఏఏ. ఇది చూడదగ్గది. ఒకే బైట్‌లో రెండు సంగతులు దాచారు. కింది సగం ఏ తుపాకీ అనేది: 0 మామూలుది, 1 మెషిన్ గన్, 2 ఫైర్, 3 స్ప్రెడ్, 4 లేజర్. పై సగంలో 1 ఉంటే రాపిడ్. హెక్స్‌లో 13 కొడితే రాపిడ్‌తో స్ప్రెడ్. డెసిమల్ గడిలో 13 అని కొడితే వేరే ఏదో అవుతుంది, అక్కడ 19 కొట్టాలి.

#13 పాతక్యాసెట్

ఇక్కడ దొరికిన '9999 ఇన్ 1' క్యాసెట్లలో ఒకే మారియో, ఒకే కాంట్రా పది పేర్లతో ఉండి, ఒకటి మూడో స్టేజ్ నుంచి, ఒకటి ఎక్కువ లైఫ్‌లతో మొదలయ్యేది కదా. అవి కూడా ఇలాంటివేనా?

#14 నిజాంపేట_నింటెండో

అవును, అదే సూత్రం. ఆటలు గుప్పెడే. మొదలయ్యే స్టేజ్, లైఫ్‌లు, తుపాకీ లాంటి ఆరంభ విలువలు మార్చి ఒక్కో మార్పుకీ మెనూలో ఒక్కో నంబర్ ఇచ్చేవాళ్లు. మనం ఇప్పుడు హెక్స్ ఎడిటర్‌లో చేసేదాన్ని వాళ్లు క్యాసెట్‌లోనే చేసి అమ్మారు.

#15 విశాఖ_వీడియోగేమ్

లైఫ్‌లు సరే. మారియోలో టైమ్ ఆపాలి. 400 అని వెతికితే 2 బైట్లలో కూడా దొరకట్లేదు.

#16 బైట్‌బాబాయ్

అది ఒక సంఖ్యగా లేదు. ఒక్కో అంకెకి ఒక్కో బైట్. వందలు 07ఎఫ్8, పదులు 07ఎఫ్9, ఒకట్లు 07ఎఫ్ఏ. 400 అంటే 04, 00, 00 అని మూడు బైట్లు. ఆ కాలం ఆటల్లో స్కోర్, టైమ్ లాంటివి ఎక్కువగా ఇలాగే ఉంటాయి. 6502 కి భాగహారం ఆదేశం లేదు. 400 ని ఒకే సంఖ్యగా దాస్తే ప్రతిసారీ పదితో భాగించి అంకెలు విడదీయాలి. విడివిడిగా దాస్తే నేరుగా టైల్స్‌గా అచ్చేయొచ్చు.

వెతికే ఉపాయం: వందల అంకె మారేదాకా ఆగు. 400 నుంచి 399 కి దిగగానే '1 తగ్గింది' అని సెర్చ్.

#17 విశాఖ_వీడియోగేమ్

దొరికాయి. మూడూ ఫ్రీజ్ చేశా (విలువ మారకుండా పట్టి ఉంచా), టైమ్ 400 దగ్గర ఆగింది. థాంక్స్ బాబాయ్.

#18 విశాఖ_వీడియోగేమ్

అయ్యో. జెండా పట్టుకుని కోటలోకి వెళ్లాక ఆట ఇరుక్కుపోయింది. స్కోర్ మాత్రం ఆగకుండా పెరుగుతూనే ఉంది, టిక టిక శబ్దం. తర్వాతి స్టేజ్ రాదు.

#19 హెక్స్‌రాణి

ఇరుక్కోవాల్సిందే. స్టేజ్ చివర ఆట మిగిలిన టైమ్‌ని ఒక్కొక్కటే తీసి స్కోర్‌లో కలుపుతుంది. మూడు అంకెలూ సున్నా అయ్యాయా అని చూసి, అయితేనే ముందుకి కదులుతుంది. నువ్వు ఫ్రీజ్ చేశావు కాబట్టి ఎప్పటికీ సున్నా కావు. ఆట తీస్తూనే ఉంటుంది, ఎమ్యులేటర్ నింపుతూనే ఉంటుంది. ఇప్పుడే ఫ్రీజ్ తీసెయ్, టైమ్ కరిగి స్టేజ్ దాటుతుంది. రీసెట్ అక్కర్లేదు.

టైమ్ ఆపాలంటే అంకెలని కాదు, అంకెలని తగ్గించే గడియారాన్ని పట్టుకోవాలి. అది 0787. ఆట అందులో 24 పెడుతుంది, ఫ్రేమ్‌కి ఒకటి తగ్గుతుంది, సున్నా అయితే తెర మీద టైమ్ ఒకటి తగ్గించి మళ్లీ 24 పెడుతుంది. సెకనుకి 60 ఫ్రేమ్‌లు కాబట్టి మారియో 'సెకను' మన 0.4 సెకన్లే. 0787 ని 24 దగ్గర ఫ్రీజ్ చెయ్. టైమ్ కదలదు. స్టేజ్ చివరి లెక్క ఈ గడియారాన్ని వాడదు కాబట్టి అక్కడా ఆగిపోదు.

#20 గోదారిగేమర్

ఇది నిజంగా మంచి పట్టు. ఎప్పుడూ అంకెలనే ఫ్రీజ్ చేసి, స్టేజ్ చివర తీసేస్తూ వచ్చేవాళ్లమే అందరం.

#21 బైట్‌బాబాయ్

ఫ్రీజ్ గురించి మాట వచ్చింది కాబట్టి. ఇలాంటి ర్యామ్ ఫ్రీజ్ అంటే ఆ బైట్‌కి తాళం వేయడం కాదు. ఫ్రేమ్‌కి ఒకసారి నీ విలువని తిరిగి రాయడం. ఒకే ఫ్రేమ్ లోపల ఆట తగ్గించి, చూసి, నిర్ణయం తీసుకుంటే నీ ఫ్రీజ్ ఆలస్యంగా వచ్చినట్టే. మారియో లైఫ్‌లని 0 దగ్గర ఫ్రీజ్ చేస్తే చచ్చిన ఫ్రేమ్‌లో అది ఎఫ్‌ఎఫ్ అయి, అప్పుడే గేమ్ ఓవర్ నిర్ణయం జరిగిపోతుంది. 1 లేదా ఆ పైన ఫ్రీజ్ చేయాలి.

#22 కొత్తగాచేరా

మారియోకి ఫైర్ పవర్ ఇవ్వాలని 0756 లో 2 పెట్టాను అండీ. చిన్న మారియోగానే ఉండి నిప్పులు విసురుతున్నాడు.

#23 కాంట్రా30

0756 పవర్, 0754 సైజు. రెండూ వేరు. సైజులో 0 అంటే పెద్ద, 1 అంటే చిన్న. తిరకాసుగా ఉంటుంది, గుర్తు పెట్టుకో. 0754 లో 0 కూడా పెట్టు. చిన్నగా ఉంచి ఆడినా సరదాగానే ఉంటుంది, పెద్ద మారియో దూరని సందుల్లో దూరొచ్చు.

#24 కొత్తగాచేరా

వచ్చింది అండీ. ఇంకో ప్రశ్న. జెల్డా మొదటి భాగంలో రూపీలు వెతుకుతుంటే మూడు అడ్రస్‌లు మిగులుతున్నాయి, ఒక్కోటి ఒక్కోలా ఆడుతున్నాయి.

#25 హెక్స్‌రాణి

మూడూ నిజమైనవే. 066డీ నీ దగ్గరున్న రూపీలు. 067డీ ఇంకా కలపాల్సినవి. 067ఈ ఇంకా తీయాల్సినవి. షాపులో కొన్నప్పుడు డబ్బు ఒక్కసారిగా తగ్గకుండా టకటకా దిగుతుంది కదా, ఆ మధ్యలో బాకీ 067ఈ లో ఉంటుంది. నువ్వు అది దిగుతుండగా సెర్చ్ నొక్కితే లెక్క తప్పుతుంది. శబ్దం ఆగాకే నొక్కాలి. గుండెలు, హెల్త్ బార్లు మెల్లగా దిగే ఏ ఆటకైనా ఇదే జాగ్రత్త.

ఆ ఆటలో రూపీలు 255 దాటకపోవడానికి కారణం కూడా కనపడుతోంది కదా. ఒక్క బైట్.

గుండెలు 066ఎఫ్. పై సగం ఎన్ని గుండె గిన్నెలు, కింది సగం ఎన్ని నిండాయి, రెండూ ఒకటి తక్కువగా. మూడు గుండెలు నిండుగా ఉంటే హెక్స్‌లో 22. డెసిమల్‌లో చూస్తే 34 అని కనపడి అర్థం కాదు. అందుకే ర్యామ్ వాచ్‌ని హెక్స్‌లో పెట్టుకోమని అందరికీ చెప్తుంటా.

#26 న్యూజెర్సీ_నాని

గేమ్ బాయ్ వైపు వస్తే పోకెమాన్ రెడ్‌లో డబ్బు ఇంకో రకం. డీ347, డీ348, డీ349. మూడు బైట్లు, బీసీడీలో. అంటే ఒక్కో బైట్‌లో రెండు అంకెలు, హెక్స్‌లో చదివితే డెసిమల్‌లా కనపడేలా. మొదట్లో 3000 ఉంటే 00 30 00. అందుకే 3000 అని 2 బైట్లలో వెతికితే దొరకదు. 1 బైట్‌లో హెక్స్ 30 వెతికి, 200 పెట్టి ఒక పోకె బాల్ కొని, హెక్స్ 28 వెతుకు. రెండు సెర్చ్‌ల్లో పని అయిపోతుంది.

పూర్తిగా నింపాలంటే మూడింటిలోనూ హెక్స్ 99. డెసిమల్ గడి అయితే 153. ఎఫ్‌ఎఫ్ కొట్టకండి. బీసీడీలో ఏ నుంచి ఎఫ్ దాకా అంకెలే కావు, షాపులో లెక్క తప్పుతుంది.

గేమ్‌షార్క్ కోడ్‌గా రాస్తే 01 99 47 డీ3. ముందు రకం, తర్వాత విలువ, ఆ తర్వాత అడ్రస్ వెనకనుంచి ముందుకి. డీ347 ని 47 డీ3 గా రాయాలి. కోడ్ పనిచేయట్లేదని అడిగేవాళ్లలో ఎక్కువమంది తడబడేది ఇక్కడే.

#27 గోదారిగేమర్

నాని, నీ అడ్రస్‌లు పోకెమాన్ యెల్లోలో కొడితే డబ్బు బదులు వేరేది కదులుతోంది.

#28 న్యూజెర్సీ_నాని

యెల్లోలో చాలావరకు ఒక అడుగు వెనక్కి. డబ్బు డీ346 నుంచి. అందుకే జాబితాలు చూసి కొట్టేముందు ఏ వెర్షన్, ఏ దేశం, ఏ రివిజన్ అని చూడాలి. జపాన్ ఆటకీ అమెరికా ఆటకీ పక్కపక్కనే పెట్టి చూస్తే అడ్రస్‌లు జరిగి ఉంటాయి.

#29 కొత్తగాచేరా

ర్యామ్ కాకుండా సేవ్ ఫైల్‌నే హెక్స్ ఎడిటర్‌లో మార్చేయొచ్చా అండీ? పోకెమాన్ రెడ్‌లో చేస్తే ఫైల్ పాడైందని చెప్పి 'కంటిన్యూ' రావట్లేదు.

#30 న్యూజెర్సీ_నాని

మార్చొచ్చు, చెక్‌సమ్ (ఫైల్ పాడవలేదని ఆట సరిచూసుకునే మొత్తం) కూడా సరిచేస్తేనే. ఫైల్‌లో డబ్బు 25ఎఫ్3 దగ్గర. 2598 నుంచి 3522 దాకా బైట్లన్నీ కూడి, కింది ఒక్క బైట్ తీసుకుని, బిట్లన్నీ తిరగేసి 3523 లో పెట్టాలి. అది సరిపోకపోతే ఆట ఫైల్‌ని ఒప్పుకోదు. ఇంత చేతిలెక్క ఎందుకు, ఆట నడుస్తుండగా ర్యామ్‌లో మార్చి ఆటలోనే సేవ్ చెయ్. చెక్‌సమ్ అదే వేసుకుంటుంది.

#31 విశాఖ_వీడియోగేమ్

పోకెమాన్ ఎమరాల్డ్‌లో మాత్రం డబ్బు ఏ పద్ధతిలోనూ దొరకట్లేదు. 4 బైట్లు, 2 బైట్లు, బీసీడీ అన్నీ అయ్యాయి. మాయమైపోతోంది.

#32 బైట్‌బాబాయ్

ఎమరాల్డ్, ఫైర్‌రెడ్, లీఫ్‌గ్రీన్‌లో రెండు రక్షణలు పెట్టారు. రూబీ, సఫైర్‌లో ఇవి లేవు.

ఒకటి, డబ్బుని ఒక రహస్య సంఖ్యతో ఎక్సార్ చేసి (రెండు సంఖ్యల బిట్లు వేరైన చోట 1, ఒకటే అయిన చోట 0 పెట్టే లెక్క) దాస్తారు. రెండు, సేవ్ డేటా మొత్తం ర్యామ్‌లో చోటు మారుతూ ఉంటుంది. యుద్ధం మొదలైనప్పుడల్లా మొత్తం బ్లాక్ కాస్త అటూ ఇటూ జరుగుతుంది, రహస్య సంఖ్య కూడా మారుతుంది. నీ సెర్చ్ జాబితా ఒక్క యుద్ధంతో చిత్తు కాగితం.

పట్టుకునే దారి: చోటు మారేది బ్లాక్ మాత్రమే, బ్లాక్ ఎక్కడుందో చెప్పే పాయింటర్ మారదు. ఎమరాల్డ్ అమెరికా వెర్షన్‌లో 03005డీ8సీ దగ్గర 4 బైట్లు చదువు. అందులో ఒక అడ్రస్ ఉంటుంది. దానికి 0490 కలిపితే డబ్బు. ఫైర్‌రెడ్‌లో పాయింటర్ 03005008, కలపాల్సింది 0290.

రహస్య సంఖ్య వెతకనక్కర్లేదు. అక్కడున్న విలువనీ తెర మీద నీ డబ్బునీ ఎక్సార్ చేస్తే వచ్చేదే ఆ సంఖ్య. దాన్ని నీకు కావలసిన మొత్తంతో ఎక్సార్ చేసి తిరిగి అక్కడే రాయి. విండోస్ కాలిక్యులేటర్ ప్రోగ్రామర్ మోడ్‌లో ఎక్సార్ బటన్ ఉంది. చదవడం, లెక్క, రాయడం మూడూ ఆట పాజ్‌లో ఉండగానే చెయ్.

#33 విశాఖ_వీడియోగేమ్

బాబాయ్, వచ్చింది! 999999. ఎక్సార్ ఇంత సులువని ఊహించలేదు.

#34 సిద్దిపేట_సెగా

మొబైల్‌లో రెట్రోఆర్చ్ (ఎమ్యులేటర్ యాప్) వాడేవాళ్లకి: ఆట నడుస్తుండగా క్విక్ మెనూ, చీట్స్, 'స్టార్ట్ ఆర్ కంటిన్యూ చీట్ సెర్చ్'. సైజు 8 బిట్ పెట్టి మొదలుపెట్టండి. #6 లో అక్క చెప్పినవన్నీ అక్కడ 'ఈక్వల్ టు బిఫోర్', 'లెస్ దాన్ బిఫోర్' అని ఉంటాయి. కొద్దిగా మిగిలాక వాటిని చీట్ జాబితాలోకి చేర్చుకుని, విలువ ఇచ్చి, 'అప్లై చేంజెస్' నొక్కాలి. అది నొక్కకపోతే ఏమీ జరగదు.

చీట్స్ మెనూ అసలు పనిచేయట్లేదంటే రెట్రోఅచీవ్‌మెంట్స్ (పాత ఆటల్లో ఘనతలకి అచీవ్‌మెంట్‌లు ఇచ్చే సేవ) హార్డ్‌కోర్ మోడ్ ఆన్‌లో ఉందేమో చూడండి. అది చీట్లనీ సేవ్ స్టేట్ లోడ్ చేయడాన్నీ ఆపేస్తుంది. చిత్రమేంటంటే ఆ అచీవ్‌మెంట్‌లన్నీ ఇవే మెమరీ అడ్రస్‌లు గమనిస్తూ పనిచేస్తాయి.

సెగా వాళ్లకి: సోనిక్ 1 లో లైఫ్‌లు ఎఫ్ఎఫ్ఎఫ్ఈ12, రింగులు ఎఫ్ఎఫ్ఎఫ్ఈ20 నుంచి 2 బైట్లు. స్కోర్ వెతికేటప్పుడు చివరి సున్నా తీసేసి వెతకండి. 1500 అని తెర మీద ఉంటే మెమరీలో 150. ఆ చివరి సున్నా బొమ్మ మాత్రమే.

#35 పాతక్యాసెట్

ఒక పక్క సందేహం. ఇలా మార్చడం తప్పేమీ కాదు కదా?

#36 నిజాంపేట_నింటెండో

ఇంట్లో ఒక్కడివే ఆడుకునే ఆటకి కాదు. గేమ్ జీనీ (చీట్ కోడ్‌లు వేసే పరికరం) విషయంలో దాన్ని అమ్మిన గలూబ్‌కీ నింటెండోకీ మధ్య కోర్టు కేసు నడిచింది. 1992 లో అమెరికా అప్పీల్ కోర్టు గలూబ్ పక్షానే తీర్పిచ్చింది. స్కోర్ పోటీల్లో, స్పీడ్‌రన్‌లలో మార్చిన ఆట చూపించి అసలుదని చెప్తే మాత్రం అది మోసమే, అక్కడ మొహమాటం లేదు.

#37 పాతక్యాసెట్

గేమ్ జీనీ అంటే గుర్తొచ్చింది. మారియో అనంత లైఫ్‌ల కోడ్ ఎస్‌ఎక్స్‌ఐఓపీఓ. అందులో 075ఏ ఎక్కడుంది?

#38 బైట్‌బాబాయ్

లేదు. అది ర్యామ్‌ని ముట్టుకోదు. గేమ్ జీనీ క్యాసెట్‌కీ యంత్రానికీ మధ్య కూర్చుని, ప్రాసెసర్ ప్రోగ్రాం చదివేటప్పుడు ఒక బైట్ మార్చి చెప్తుంది. ఆ ఆరు అక్షరాలని విప్పితే అడ్రస్ 91డీ9, విలువ ఏడీ. అక్కడ అసలు ఉన్నది సీఈ.

ఇది నీ అంతట నువ్వే కనుక్కోవచ్చు. ఎఫ్‌సీఈయూఎక్స్ డీబగ్గర్ తెరిచి, 075ఏ మీద 'రైట్' బ్రేక్‌పాయింట్ పెట్టి, మారియోని గుంటలో దూకించు. ఆట సరిగ్గా ఆ ఆదేశం దగ్గర ఆగిపోతుంది. 91డీ9 దగ్గర సీఈ 5ఏ 07, అంటే 'డీఈసీ 075ఏ'. కింద బీపీఎల్. తీగ లాగితే డొంకంతా కదిలినట్టు, ఒక్క అడ్రస్ తెలిస్తే దాన్ని ముట్టుకునే కోడ్ అంతా దొరుకుతుంది.

సీఈ ని ఏడీ చేస్తే 'ఎల్‌డీఏ 075ఏ' అవుతుంది. తగ్గించడం పోయి ఊరికే చదవడం మిగులుతుంది. రెండూ మూడేసి బైట్ల ఆదేశాలే, తర్వాతి కోడ్ చోటు మారదు. పైగా చదివినా మైనస్ గుర్తు తాజా అవుతుంది కాబట్టి కింద బీపీఎల్‌కి సరైన జవాబే అందుతుంది. ఒక్క బైట్‌తో ఇంత శుభ్రంగా కుదరడం చూస్తే ముచ్చటేస్తుంది. ఇద్దరు ఆడినా పనిచేస్తుంది, ఎందుకంటే ఆడుతున్నవాడి లైఫ్‌లు ఎప్పుడూ 075ఏ లోకే వస్తాయి, ఆగి ఉన్నవాడివి 0761 లో ఉంటాయి.

#39 హెక్స్‌రాణి

రోమ్ (ఆట ప్రోగ్రాం ఉన్న) ఫైల్‌లోనే శాశ్వతంగా మార్చాలంటే (కాపీ తీసుకుని): హెడర్ 16 బైట్లు, ప్రోగ్రాం 8000 దగ్గర మొదలు. 91డీ9 లోంచి 8000 తీసి హెక్స్ 10 కలిపితే 11ఈ9. ఫైల్ సైజు సరిగ్గా 40,976 బైట్లు ఉండాలి. 11ఈ9 దగ్గర సీఈ 5ఏ 07 కనపడితేనే మార్చు. వేరేది కనపడితే నీది వేరే వెర్షన్, లేదా ముందే ఎవరో మార్చిన ఫైల్.

#40 పాతక్యాసెట్

నా ఫైల్ 40,976 ఉంది, కానీ 11ఈ9 దగ్గర ఏడీ 5ఏ 07 ఉంది!

#41 హెక్స్‌రాణి

అయితే నీ ఫైల్ ఎవరో ఎప్పుడో మార్చేసిందే. లైఫ్‌లు తగ్గవు. #4 లో '127 పెట్టా, చచ్చినా సాగుతోంది' అన్నావు, 127 నుంచి 126 కి దిగిందా లేదా చూశావా?

#42 బైట్‌బాబాయ్

#1 కూడా చూడు రాణీ. '2 అని వెతికా, ఖాళీ' అన్నాడు. 255 ఉన్నప్పుడు ఎల్‌డీఏ చదివినా పై బిట్ 1 కాబట్టి గేమ్ ఓవరే వస్తుంది. రెండు కథలూ అతుకుతున్నాయి.

#43 పాతక్యాసెట్

ఇప్పుడే చూశా. 127 అలాగే ఉంది, దిగట్లేదు. 11ఈ9 లో సీఈ పెట్టి సేవ్ చేశా. కొత్త ఆట, ఒక గుంట. 075ఏ లో 2 నుంచి 1. #6 పద్ధతిలో వెతికితే మూడో సెర్చ్‌కే 075ఏ ఒక్కటే మిగిలింది.